మడమ ఆననివ్వని నేల

నాలుగు దాటగానే కోర్టుకు నీళ్ళు చల్లే పని ఆడపిల్లలది. ఆ నీళ్ళ మీద ఆడే ఆట మాత్రం వాళ్ళది కాదు. వాళ్ళ ఆట అప్పటికే అయిపోయేది. మధ్యాహ్నం నేల పెనంలా కాలుతున్నంతసేపూ ఆడి, పడమటి గోడ నీడ కోర్టు మీదికి వాలే వేళకు బ్యాట్లు పక్కన పెట్టేవాళ్ళు. డ్రమ్ములోంచి చెంబులతో నీళ్ళు తోడి కోర్టంతా తడిపేవాళ్ళు. దుమ్ము అణిగాక సున్నంతో గీతలు దిద్దేవాళ్ళు. అప్పుడు మోటార్ సైకిళ్ళ మీద క్లబ్బువాళ్ళు దిగేవాళ్ళు. చల్లబడిన నేల మీద, స్తంభాల దీపాలు వెలిగి ఆరేదాకా, హాయిగా బాల్ బ్యాడ్మింటన్ ఆడుకునేవాళ్ళు.

రెంటచింతలలో ఇది ఏళ్ళ తరబడి సాగింది. నెట్టు క్లబ్బుది, దీపాలు క్లబ్బువి. నేల మాత్రం బడిది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అనవలసిన మనిషి గౌసియా. ఆమె కూడా అనలేదు.

గౌసియాది ఊరి సెంటర్లో మోటార్ వైండింగ్ కొట్టు. నిజానికి కొట్టు తండ్రి జాన్ సాహెబ్‌ది. ఆయన చూపు మందగించాక రాగితీగ చుట్టే పని కూతురిది, కాలిన మోటార్ తెచ్చిన రైతుకు చీవాట్లు పెట్టే పని తండ్రిది. భర్త నదీం పత్తి లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. చిన్నప్పుడు ఇదే బడిలో చదివి, ఇదే కోర్టు మీద ఆడిన పిల్ల గౌసియా. అయిదుగురి జట్టులో మధ్యన నిలబడేది. పదో తరగతి అయిపోగానే ఆట కూడా అయిపోయింది. బడి వదిలిన ఆడపిల్లకు ఆడుకునే చోటు ఊళ్ళో ఎక్కడుంది? కుర్రాళ్ళు బడి వదిలితే క్లబ్బులో చేరతారు. ఆడపిల్ల బడి వదిలితే ఇంట్లో చేరుతుంది.

చాలా ఏళ్ళ తర్వాత బడిలో వ్యాయామ మాస్టారు పదవీ విరమణ చేశారు. ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. "నువ్వు ఆడినదానివేగా, ఆడపిల్లల్ని కాస్త చూడమ్మా" అని పెద్దటీచరు అడిగితే గౌసియా సరేనంది. సాయంత్రం కోర్టు క్లబ్బువాళ్ళది కాబట్టి మధ్యాహ్నం ఆటల పీరియడ్లో నేర్పడం మొదలుపెట్టింది. పొద్దున పూట నేర్పవచ్చు కదా అంటారేమో. కోతల కాలం వస్తే ఆ పిల్లల్లో సగం మంది మిరపకోతల ఆటో ఎక్కి, బడి గంట కొట్టేలోగా తిరిగొచ్చేవాళ్ళు. మిగతా సగం ఇంటిపని ముగించుకుని వచ్చేవాళ్ళు. పొద్దున వాళ్ళ చేతిలో లేదు. సాయంత్రం ఎటూ లేదు. మిగిలింది ఎండ.

రెంటచింతల ఎండ గురించి పల్నాడులో చెప్పనవసరం లేదు. మాఘం వెళ్ళకముందే ఆ కోర్టు మీద కాలు నిలిచేది కాదు. పిల్లల్లో కొందరివి అరిగిన కాన్వాసు బూట్లు, కొందరివి వట్టి కాళ్ళు. బంతి కోసం పరుగెత్తి కాలు మోపితే చురుక్కుమనేది, వెంటనే ఎత్తేసేవాళ్ళు. అలా ఎత్తి ఎత్తి వాళ్ళకొక నడక వచ్చింది. మడమ నేలకు తగలకుండా మునివేళ్ళ మీద, ఒక్క క్షణం కూడా ఒకచోట ఆగకుండా, అటూ ఇటూ చిందులేస్తూ ఆడేవాళ్ళు.

"కోడిపిల్లల్లాగా ఎగరతన్నారేందే గౌసియా, ఆ కాళ్ళకేమన్నా స్ప్రింగులు కట్టావా?" అని నవ్వేది బసవమ్మ. జట్టులో వెనక వరసలో ఆడే హిమజకు నాయనమ్మ ఆమె.

"ఎండ కట్టింది పెద్దమ్మా, నేను కాదు" అనేది గౌసియా.

ఆ మాట ఆమె సరదాకే అన్నా, తర్వాత్తర్వాత నమ్మింది. బాల్ బ్యాడ్మింటన్ అంతా కాళ్ళలో ఉంటుంది. పసుపుపచ్చ ఉన్ని బంతి నేలకు తగిలితే పాయింటు పోయినట్టే, దాని కిందికి కాలు ముందు చేరాలి, చెయ్యి తర్వాత. కాలు తేలిగ్గా ఉన్న జట్టు గెలుస్తుందని గౌసియా లెక్క. కొత్తగా వచ్చిన పిల్లకు బ్యాటు పట్టడం కంటే ముందు చెప్పే మాట ఒకటే: "మడమ కింద పెట్టమాకవే." పెడితే పక్కనున్న పిల్లలు కూడా అరిచేవాళ్ళు. చిన్న పోటీల్లో వాళ్ళు నెగ్గారు. చూసినవాళ్ళు నిప్పుల మీద ఆడే పిల్లలని పేరు పెట్టారు. ఒక పత్రిక విలేకరి వచ్చి అడిగితే గౌసియా "ఎండే మా కోచ్" అంది. అది ఫోటోతో అచ్చయింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మనకు ఇలాంటి వార్తలు ఇష్టం. లేమిలోంచి పుట్టిన నైపుణ్యం అంటే మనకు కళ్ళు చెమరుస్తాయి. చెమర్చిన కళ్ళకు ఆ లేమిని ఎవరు తయారుచేశారో కనపడదు. గౌసియాకు కూడా కనపడలేదు. తనకు అన్యాయం చేసిన ఆ మధ్యాహ్నాన్ని ఆమె గురువును చేసుకుంది. అలా చేసుకుంటే మింగడం తేలిక.

హిమజ పిక్క నొప్పి అని మొదట చెప్పింది మిరపకోతల రోజుల్లో. "వంగి కోసీ కోసీ పట్టేసుంటది" అని బసవమ్మ ఆముదం రాసింది. తర్వాత నొప్పి పిక్కలోంచి మడమ వెనక నరంలోకి దిగింది. పొద్దున లేవగానే నాలుగడుగులు కుంటేది. ఆటలోకి దిగాక మాత్రం మర్చిపోయేది, లేదా మర్చిపోయినట్టు ఉండేది. జిల్లా జట్టులో చోటొస్తే రాష్ట్ర పోటీలు, ఆపైన ఆటల కోటాలో కాలేజీ సీటు. హిమజ ఇంట్లో పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. ఆ పిల్లకు ఆ కాళ్ళు తప్ప వేరే దారి లేదు.

జిల్లా పోటీలు నరసరావుపేటలో జరిగాయి. ఆటలన్నీ సాయంత్రం పెట్టారు. తడిపి, రోలరు తిప్పి చదును చేసిన కోర్టు, పైన తెల్లటి దీపాలు. రెంటచింతల పిల్లలు తడినేలను చూసి ముచ్చటపడ్డారు. "అక్కా, ఎంత సల్లగా ఉందో!" అని ఒకమ్మాయి వంగి అరచేత్తో నేలను తాకింది. ఏళ్ళుగా తమ చేతులతో అలాంటి నేలను తయారుచేస్తున్న పిల్లలు వాళ్ళు. దాని మీద ఆడడం అదే మొదలు.

మొదటి ఆట గెలిచారు. రెండో ఆటలో ఎదుటి జట్టును చూసి గౌసియాకు నవ్వొచ్చింది. ఆ పిల్లలు ఎగరడం లేదు, చిందులేయడం లేదు. బద్ధకంగా నిలబడినట్టున్నారు. ఎదుటివాళ్ళు బ్యాటు ఊపే క్షణాన మాత్రం చిన్న గెంతు వేసి రెండు కాళ్ళ మీద సమంగా దిగుతున్నారు. ఆ గెంతులోంచే ఎటు కావాలంటే అటు కదులుతున్నారు. దూరపు బంతికి ముందు చిన్న అడుగులు, చివర ఒక పెద్ద అడుగు. ఆ పెద్ద అడుగులో మడమ ముందు ఆనుతోంది, తర్వాత పాదం పరుచుకుంటోంది, మోకాలు వంగుతోంది. బంతి కొట్టగానే ఆ మడమ మీదే నెట్టుకుని మళ్ళీ తమ చోటికి వచ్చేస్తున్నారు.

మన పిల్లలు బంతిని చేరుతున్నారు, ఆగలేకపోతున్నారు. మునివేళ్ళ మీద వచ్చిన వేగాన్ని ఆపేది ఏదీ లేక బంతి కొట్టాక కూడా రెండడుగులు ముందుకు పోతున్నారు. వాళ్ళు వెనక్కి వచ్చేలోపు తర్వాతి బంతి ఖాళీలో పడుతోంది. ఆట సాగేకొద్దీ అందరి పిక్కలూ బిగుసుకున్నాయి. హిమజ వెనక మూలకు పోయిన బంతిని అందుకుని, ఆగబోయి, మడమ వెనక చేత్తో పట్టుకుని కూర్చుండిపోయింది.

"లెయ్యవే హిమా, ఇంకొక్క పాయింటే!" అని గౌసియా కేకేసింది.

"లెయ్యలేనక్కా. కాలు నాది కానట్టుంది."

ఆ ఆట ఓడిపోయారు. నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు నరం వాచిందన్నారు. చానాళ్ళుగా వాస్తోందన్నారు. అమ్మాయి ఎప్పుడూ మునివేళ్ళ మీదే ఉంటుందా అని అడిగారు. గౌసియా తలూపింది. ఆ పిల్లను అలా ఉండమన్నది తనే.

ఊరికి వచ్చాక ఆమె రెండు రోజులు కోర్టు వైపు పోలేదు. కొట్లో కూర్చుని తీగ చుట్టింది. రెండో రోజు ఒక రైతు కాలిపోయిన బోరు మోటారు తెచ్చాడు. జాన్ సాహెబ్ దాన్ని చేత్తో తడిమి చూసి మొదలుపెట్టాడు.

"నీళ్ళు లేకుండా తిప్పావు గదరా."

"లేదు సాయిబూ, చానా బాగా తిరిగింది. ఎప్పుడూ మూలిగేది, మొన్న మాత్రం పూవులాగా తిరిగింది. ఆ మర్నాడే పోయింది."

"అదేరా నాయనా! లోపల నీళ్ళు లేకపోతే బరువుండదు. బరువు లేకపోతే తేలిగ్గానే తిరుగుద్ది. బాగా తిరగతందని నువ్వు సంబరపడతా కూర్చున్నావు, లోపల బేరింగు మాడిపోతా ఉంది."

గౌసియా చేతిలో తీగ ఆగింది. తండ్రి ఆమె వైపు తిరిగాడు. "ఏందమ్మీ, తెగిందా?"

"లేదబ్బా. నేనూ ఇట్టాగే సంబరపడ్డా."

మర్నాడు మధ్యాహ్నం పిల్లలందర్నీ పిలిచింది. బంతి లేదు, నెట్టు కట్టలేదు. వరసగా నిలబెట్టి, ఇన్నాళ్ళూ తను చెప్పిన మాటను తనే తిరగేసి చెప్పింది. "మడమ ముందు పెట్టండి. పాదం పూర్తిగా ఆనించండి. మోకాలు వంచండి. ఒక్క ఊపిరి ఆగండి. అప్పుడు నెట్టుకుని వెనక్కి రండి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి పెట్టింది, చురుక్కుమనగానే ఎత్తేసింది. ఇంకొకమ్మాయి పెట్టి, పళ్ళు బిగించి, ఊపిరి సగంలోనే గెంతింది.

"పెట్టండే!"

"ఎట్టా పెట్టాలక్కా? నువ్వొకసారి పెట్టి చూపీ" అంది ఒక గడుగ్గాయి. అందరూ నవ్వారు.

గౌసియా చెప్పులు విడిచి పెద్ద అడుగు వేసి మడమ ఆనించింది. పాదం పరిచింది. మోకాలు వంచింది. ఊపిరి నిండేదాకా ఉండాలనుకుంది. ఉండలేకపోయింది. కాలు తీసి ఒంటికాలి మీద కుంటుతూ గోడ నీడలోకి పోయింది. ఈసారి పిల్లలు నవ్వలేదు.

గోడవారన కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్న హిమజ అంది: "అక్కా, మనకు రాక కాదు. నేల ఊరుకోదు."

ఆ అడుగు ఆ వేళప్పుడు ఎవరికీ నేర్పలేమని గౌసియాకు అర్థమైంది. సాయంత్రం కావాలి. అడగాలి.

క్లబ్బు కార్యదర్శి ఆనంద్ బాబుకు ఎరువుల కొట్టుంది. చెడ్డవాడు కాదు. ఒకసారి పిల్లలకు కొత్త బ్యాట్లు కూడా కొనిచ్చాడు. గౌసియా కోర్టు దగ్గరికే వెళ్ళి అడిగింది. సభ్యులంతా బూట్లు బిగించుకుంటున్నారు.

"అన్నా, సాయంత్రం ఒక గంట పిల్లలకు కావాల."

"ఏంది గౌసియమ్మా, ఉన్నట్టుండి? ఇన్నేళ్ళూ బాగానే జరగతా ఉందిగా."

"బాగా జరగలా. నేను చెప్పలా, అంతే."

"ఎండలో ఆడబట్టేనమ్మా మీ పిల్లలకు ఆ కాళ్ళొచ్చింది. నువ్వే గదా పేపర్లో చెప్పింది, ఎండే మా కోచ్ అని? ఇప్పుడు కోచ్‌ని మారుస్తానంటావేంది?"

అందరూ నవ్వారు. గౌసియాకు మొహం కందిపోయింది. అది తన మాటే.

బ్యాంకులో పనిచేసే శరత్ లేచి నిలబడ్డాడు. "పొద్దంతా కుర్చీలో కూర్చుని వస్తామక్కా. ఈ గంట కూడా లేకపోతే మా షుగరూ బీపీ నీ పిల్లలు తగ్గిస్తారా?"

"నా పిల్లలు పొద్దున్నే వంగి మిరపకాయలు కోసి వస్తన్నారు శరత్. వాళ్ళకు కూర్చునే కుర్చీ కూడా లేదు" అంది గౌసియా. తర్వాత ఆనంద్ బాబు వైపు తిరిగింది. "సరే అన్నా. రేపట్నించి పిల్లలు ఎండలో ఆడరు."

"నీ ఇష్టం."

"నీళ్ళూ చల్లరు. గీతలూ గియ్యరు."

ఆనంద్ బాబు భుజాలు ఎగరేశాడు. నీళ్ళెంత పని, గీతలెంత పని అని వాళ్ళ ఉద్దేశం. ఎన్నడూ చేయనివాళ్ళకు ఏ పనైనా అంతే చిన్నదిగా కనపడుతుంది. మర్నాడు వాళ్ళు వచ్చేసరికి కోర్టు ఎర్రగా కాగి ఉంది. బడి వాచ్‌మన్‌ను పురమాయిస్తే అతను చేతులు కట్టుకుని, "నేను బడి పనోణ్ణయ్యా, క్లబ్బు పనోణ్ణి కాదు" అన్నాడు. చెంబు పట్టుకున్న ఒకరిద్దరు సగం కోర్టు తడిపేసరికే అలిసిపోయారు. ఆట దుమ్ములో సాగింది. గీతలు చెరిగిపోయి, బంతి లోపల పడిందా బయట పడిందా అని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకున్నారు. అయినా సాయంత్రం ఇస్తామని మాత్రం ఎవరూ అనలేదు. వారం గడిచింది. పిల్లలు కోర్టు వైపు రాలేదు. ఆట ఆగిపోయిందని ఇళ్ళలో కొందరు సంతోషించారు కూడా. గౌసియాకు భయం పట్టుకుంది. తను పంతానికి పోయి పిల్లలకు ఉన్నది కూడా పోగొట్టిందేమోనని.

అప్పుడు కదిలింది బసవమ్మ. కోతకూలీ తల్లుల్ని వెంటబెట్టుకుని బడికి పోయి, పెద్దటీచరు గది ముందు నిలబడింది.

"ఆ నేల బడిదా కాదా టీచరమ్మా?"

"బడిదే."

"మరి బడి పిల్లలు ఎండలోనూ, ఊళ్ళో మొగోళ్ళు సల్లపూటానూ ఏందమ్మా? నా మనవరాలు కుంటతా ఉంది. ఎవర్నడగాలి నేను, సూర్యుణ్ణా?"

 తన ముందు ఎవరూ ఈ మాట ఎత్తలేదని, తనకూ తోచలేదని పెద్దటీచరు ఒప్పుకుంది. ఆ సాయంత్రమే ఆనంద్ బాబును పిలిపించి, వారంలో మూడు సాయంత్రాలు పిల్లలవని, ఎవరి పూట వాళ్ళే నీళ్ళు చల్లుకోవాలని చెప్పింది.

ఆనంద్ బాబు గౌసియా కొట్టు దగ్గరికి వచ్చాడు. "నువ్వు నెమ్మదిగా అడిగుంటే ఇచ్చేవాళ్ళమే గౌసియమ్మా."

"నెమ్మదిగానే అడిగానన్నా. నువ్వే నవ్వావు."

అతను కిందికి చూసి, బోల్టుల డబ్బాలో వేలు పెట్టి కలిపాడు. "సరేలే. దీపాల స్విచ్చు యాడుందో మావోడు చూపిస్తాడు" అని వెళ్ళిపోయాడు.

మొదటి సాయంత్రం పిల్లలు తమ కోసం తాము నీళ్ళు చల్లుకున్నారు. నేల చల్లబడింది. కాళ్ళకు ఆ సంగతి తెలియలేదు. చల్లటి మట్టి మీద కూడా పిల్లలంతా మునివేళ్ళ మీదే ఎగిరారు. గౌసియా "ఆనించండి" అంటే ఒకటి రెండు సార్లు ఆనించి, బంతి రాగానే మళ్ళీ పాత అడుగులోకి పోయారు. భయం ఒంట్లోంచి పోవడానికి నేల ఒక్కటే మారితే చాలదు. బంతి తీసేసి, బ్యాట్లు పక్కన పెట్టించి, నడకలాగా నెమ్మదిగా ఆ ఒక్క అడుగే వేయించింది. మడమ, పాదం, మోకాలు, నెట్టుకుని వెనక్కి. చిన్నపిల్లలకు తొందరగా వచ్చింది. పాత పిల్లలకు ఆలస్యమైంది. మధ్యలో ఒక పోటీకి వెళ్ళి ఓడిపోయి వచ్చారు. చిందులేసినప్పుడు గెలిచేవాళ్ళం కదక్కా అని ఒకమ్మాయి ఏడ్చింది. అవును, గెలిచేవాళ్ళు.

హిమజ ఆ ఏడాది జిల్లా జట్టులోకి రాలేదు. నరం తగ్గేదాకా ఆడవద్దన్నారు. కాలేజీ సీటు సంగతి ఇంకా తేలలేదు. మిరపకోతలకు మాత్రం మానకుండా వెళ్ళింది, దానికెవరూ విశ్రాంతి చెప్పరు. ఈ మధ్యే మళ్ళీ కోర్టులో దిగింది. మొన్న చూస్తే, వెనక మూలకు పోయిన బంతికి చిన్న అడుగులతో వెళ్ళి, ఆఖరి అడుగులో మడమ ఆనించి, బంతి కొట్టి, అక్కడే ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, ఎదుటి పిల్ల బంతిని తిరిగి కొట్టేసింది, అది హిమజ పక్కనే పడింది.

"వెనక్కి రావే!" అని గౌసియా అరిచింది.

"ఉండక్కా, ఆనిచ్చి చూసుకుంటన్నా" అంది హిమజ, కాలు కదపకుండా.

ఇది చదివిన మీరు గౌసియాను మెచ్చుకుని ఊరుకుంటే, ఆ పత్రికవాళ్ళు చేసిందే మళ్ళీ చేసినట్టు. ఆ పిల్లలకు ఇంకా వారంలో మూడు సాయంత్రాలే. అవి కూడా పెద్దటీచరు బదిలీ అయ్యేదాకానే. కాబట్టి మిమ్మల్ని ఒక పని చేయమని అడుగుతున్నాను. గురజాలలో గానీ, మాచర్లలో గానీ, మీరున్న ఏ ఊళ్ళో గానీ, ఈ రోజు సాయంత్రం అయిదింటికి మీ బడి మైదానానికి వెళ్ళండి. అక్కడ ఎవరు ఆడుతున్నారో చూడండి. ఆడపిల్లలు లేకపోతే, వాళ్ళు ఆడే వేళ ఏదో అడిగి, ఆ వేళకు మళ్ళీ వెళ్ళి, చెప్పులు విడిచి ఆ నేల మీద ఒకసారి నిలబడండి. తర్వాత ఆ బడి పెద్దను కలిసి సాయంత్రాల్లో పిల్లల వాటా ఎంతో చెప్పమనండి, చెప్పేదాకా కూర్చోండి. మీరే ఆ క్లబ్బులో సభ్యులైతే మీ పని ఇంకా తేలిక. రేపు ఒక గంట ఆలస్యంగా వెళ్ళండి. వెళ్ళే ముందు, ఆ గంట ఇక నుంచి వాళ్ళదేనని ఆ పిల్లలకు మీ నోటితో చెప్పండి.